పంది పక్కటెముకలు ఎయిర్ ఫ్రైయర్‌లో: వండే పద్ధతి, పెంపకందారులు గమనించాల్సిన విషయాలు

మా మండలంలో సీమ పందులు పెంచే ఓ కుటుంబం ఉంది. పది తల్లి పందులు, రెండు పోతులు. క్రిస్మస్‌కు ముందు ఓ ఆదివారం పని మీద అటు వెళితే భోజనానికి ఉండమన్నారు. హైదరాబాద్‌లో నర్సుగా చేస్తున్న వాళ్ల అమ్మాయి సెలవులకు వస్తూ ఎయిర్ ఫ్రైయర్ తెచ్చింది. పక్కటెముకల ముక్కలకు అల్లం వెల్లుల్లి, కారం, బెల్లం పట్టించి, కిలోకు పైగా మాంసాన్ని ఒకేసారి గిన్నెలో కుక్కి, 200 డిగ్రీల మీద పదిహేను నిమిషాలు పెట్టింది. బయటికి తీస్తే చూడటానికి ఎంతో బాగుంది. పైన ముదురు ఎరుపు, అక్కడక్కడ నల్లగా కాలిన మచ్చలు. ‘కలర్ వచ్చేసిందిగా సార్’ అంది. ముక్క విరిస్తే ఎముక పక్కన మాంసం పచ్చిగా, చల్లగా ఉంది. డీప్ ఫ్రిజ్‌లోంచి తీసి గంటే అయిందట.

ఆ రోజు ఆ ముక్కలన్నీ కుక్కర్లోకి వెళ్లాయి. భోజనం గంటన్నర ఆలస్యమైంది. కానీ ఆ ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు ఉన్నారు. విరిచి చూడకపోతే వాళ్లు ఆ పచ్చి మాంసమే తినేవారు. మిగతా మాంసాల కంటే పంది మాంసంలో ఈ పొరపాటు ఎందుకు ప్రమాదమో, దాన్ని ఎలా తప్పించుకోవాలో, అసలు మంచి పక్కటెముక పాకలోనే ఎలా తయారవుతుందో ఈ వ్యాసంలో రాస్తున్నాను. నాది వ్యవసాయ పట్టా, పశువైద్యుణ్ని కాను. జబ్బుల విషయంలో మీ పశువైద్యాధికారి చెప్పిందే వినాలి.

ముందు బద్దె పురుగు సంగతి

‘పంది మాంసం తింటే మెదడులో పురుగులు పడతాయి’ అని ఊళ్లలో అంటారు. ఇందులో సగమే నిజం. ఆ సగం నిజం వల్ల పెంపకందారుల వ్యాపారం దెబ్బతింటోంది, మిగతా సగం తెలియక జనం జబ్బు పడుతున్నారు. కాబట్టి ఈ చక్రాన్ని వివరంగా తెలుసుకోవాలి.

పంది బద్దె పురుగు మనిషి పేగులో ఉంటుంది. రెండు మూడు మీటర్లు, ఒక్కోసారి అంతకు మించి పొడవు పెరుగుతుంది. దాని గుడ్లు మనిషి మలంలో బయటికి వస్తాయి. బయట తిరిగే పంది ఆ మలం తింటే గుడ్లు పంది కడుపులో పగిలి, పిల్ల పురుగులు రక్తం ద్వారా కండల్లోకి చేరి బుడగలుగా స్థిరపడతాయి. బియ్యపు గింజ నుంచి చిన్న శనగ గింజ దాకా ఉండే తెల్లని నీటి బుడగ, లోపల ఒక తెల్ల చుక్క. ఆ మాంసాన్ని సరిగా ఉడికించకుండా తిన్న మనిషికి పేగులో బద్దె పురుగు పెరుగుతుంది. ఇది ఒక దారి.

మెదడుకు చేరేది రెండో దారిలో. పేగులో పురుగున్న మనిషి మలవిసర్జన తర్వాత చేతులు సరిగా కడుక్కోకపోతే, లేదా ఆ మలం కూరగాయల మడిలోకో తాగే నీళ్లలోకో చేరితే, గుడ్లు మరో మనిషి నోట్లోకి పోతాయి. ఒక్కోసారి ఆ మనిషి నోట్లోకే పోతాయి. అప్పుడు మనిషి శరీరంలోనే బుడగలు ఏర్పడతాయి. మెదడులో ఏర్పడితే మూర్ఛ వస్తుంది. అంటే జీవితంలో పంది మాంసం ముట్టని వాళ్లకు కూడా ఈ జబ్బు వస్తుంది. పందులు, మనుషులు దగ్గర దగ్గరగా మసలుతూ ఈ పురుగు పాతుకుపోయిన చాలా ప్రాంతాల్లో మూర్ఛ కేసుల్లో సుమారు 30 శాతానికి ఇదే కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఈ చక్రాన్ని రైతు రెండు చోట్ల తెంపగలడు. పందిని కట్టడిలో పెంచి మలం తిననివ్వకపోవడం ఒకటి, మాంసాన్ని ఎముక దాకా ఉడికించడం రెండోది. మరుగుదొడ్డి వాడకం, సబ్బుతో చేతులు కడుక్కోవడం ఊరందరి పని. మొదటి రెండూ మాత్రం మన చేతిలో ఉన్నవి.

మాంసం కోసేటప్పుడు నాలుక, గుండె, దవడ కండ, భుజం, తొడ, పక్కటెముకల మధ్య కండ ఇవన్నీ వెలుతురులో చూడాలి. బుడగలు కనబడితే తినకూడదు, అమ్మకూడదు, కుక్కలకు కూడా వేయకూడదు. లోతుగా పాతిపెట్టి పశువైద్యుడికి చెప్పాలి. ఒక జాగ్రత్త: బుడగలు తక్కువగా ఉన్న పందిలో కంటికి కనబడకపోవచ్చు. నాలుక కింద తడిమి చూసే పాత పద్ధతి బాగా ముదిరిన వాటినే పట్టిస్తుంది. కాబట్టి బాగానే కనిపిస్తోందని సగం ఉడికించి తినడానికి వీల్లేదు.

పాకలోనే తేలిపోయే రుచి

ఎయిర్ ఫ్రైయర్ వంటలో పులుసు ఉండదు. మాంసంలో ఉన్న వాసన, కొవ్వు గుణం దాచడానికి ఏమీ ఉండదు. కూరలో కొట్టుకుపోయే లోపాలు ఇందులో నేరుగా ముక్కుకు తగులుతాయి. అందుకే పెంపకం గురించి రెండు మాటలు.

వాసన విషయంలో మొదటి దోషి కాయలు తీయని పోతు. మగ పంది ఎదిగేకొద్దీ కొవ్వులో ఒక ఘాటు వాసన చేరుతుంది. చల్లగా ఉన్నప్పుడు అంతగా తెలియదు, వేడి తగిలితే ఇల్లంతా కమ్ముతుంది. మాంసానికి పెంచే మగ పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాల వయసులో పశువైద్య సిబ్బందితో కాయలు తీయించాలి. ఆలస్యమైతే పిల్లకు బాధ ఎక్కువ, పుండు మానడం కష్టం.

రెండోది మేత. చేపల మార్కెట్ వ్యర్థాలు చవకగా దొరుకుతాయని చాలామంది వేస్తారు. కొవ్వులోకి చేప వాసన దిగుతుంది, కొవ్వు మెత్తబడుతుంది. కోయడానికి కొన్ని వారాల ముందే అవి ఆపి, మొక్కజొన్న, నూకలు, తవుడు, చెక్క మీదికి మార్చాలి. ముందు నుంచీ వేయకుంటే మరీ మంచిది. జబ్బుకు మందులు వాడి ఉంటే, ఆ మందుకు చెప్పిన గడువు దాటాకే కోతకు పంపాలి. గడువు ఎంతో సీసా మీద ఉంటుంది, లేకపోతే డాక్టరును అడగాలి.

ఇక వయసు. ఎనిమిది, పది నెలల సీమ పందో సంకర జాతి పందో అయితే ఎముక చుట్టూ నార లేతగా ఉంటుంది. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్లు తయారుచేసిన టి-17 రకంలో ముప్పావు వంతు లార్జ్ వైట్ యార్క్‌షైర్, పావు వంతు నాటు రక్తం ఉంటుంది. ఇలాంటి పంది పక్కటెముకలు ఈ వంటకు బాగా కుదురుతాయి. నాలుగైదు ఈతలు ఈనిన తల్లి పంది పక్కటెముకలను నేరుగా ఎయిర్ ఫ్రైయర్‌లో పెడితే దవడలు నొప్పి పుట్టడం తప్ప ఏమీ ఉండదు. వాటికి కుక్కర్ తప్పనిసరి.

ఏ ముక్క అడగాలి

పందికి సాధారణంగా 14 లేదా 15 జతల పక్కటెముకలు ఉంటాయి. మేకకు 13. మన దగ్గర పంది మాంసం కొట్లలో తోలు, కొవ్వు, కండ, ఎముక అన్నీ కలిపి ఒకే ధరకు కొట్టి ఇస్తారు. పక్కటెముక విడిగా కావాలంటే ముందు రోజే చెప్పుకోవాలి. 80, 90 కిలోల పంది నుంచి పక్కటెముకలు నాలుగైదు కిలోలకు మించి రావు. మంచి ముక్క అని పేరు పడితే అడిగేవాళ్లు ఉంటారు, సరుకు మాత్రం కొద్దిగానే ఉంటుంది. విడిగా కోసి అమ్మే పెంపకందారుడు ఈ లెక్క గుర్తుపెట్టుకోవాలి.

వెన్ను వైపు ఎముకలు పొట్టిగా, వంపుగా ఉంటాయి. కండ లేతగా ఉంటుంది, త్వరగా ఉడుకుతుంది. పొట్ట వైపువి పొడవుగా, చదునుగా ఉండి, కొవ్వు ఎక్కువ పట్టి ఉంటాయి. రుచి వీటిదే, కాకపోతే సమయం ఎక్కువ పడుతుంది. రెండూ కలిపి ఒకే వాయిలో పెడితే ఒకటి ఎండిపోతుంది, ఒకటి ఉడకదు. ముక్క ఒకటి లేదా రెండు ఎముకల వెడల్పు, అరచేయంత పొడవు ఉంటే చాలు. కత్తితో చిన్న చిన్న ముక్కలుగా నరికిస్తే ఎముక పొరకలు మిగులుతాయి, పిల్లలకు గొంతులో గుచ్చుకుంటాయి.

ఎముకల లోపలి వైపు వెండి రంగులో మెరిసే పల్చని పొర ఉంటుంది. అది ఉడికినా మెత్తబడదు, ఉప్పూ కారం లోపలికి పోనివ్వదు. ఒక మూల చెంచా కాడతో లేపి, పొడి గుడ్డతో పట్టుకుని లాగితే చర్మంలా ఊడి వస్తుంది. ఈ పని చేసేవాళ్లు తక్కువ. చేసి చూడండి, తేడా మొదటి ముక్కకే తెలుస్తుంది.

ఉప్పూ కారం పట్టించడం

తెల్లవారుజామున కోసిన మాంసాన్ని మధ్యాహ్నానికే వండితే కండ బిగుసుకుని ఉంటుంది. ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంటే కాస్త సడలుతుంది. మసాలా పట్టడానికి కూడా ఆ సమయం కావాలి. కాబట్టి శనివారం తెచ్చి ఆదివారం వండడం అన్ని విధాలా మేలు.

ఎముకతో కలిపి కిలో ముక్కలకు ఉప్పు 12 నుంచి 14 గ్రాములు, అంటే రెండు టీస్పూన్లు, పైన చిటికెడు. పసుపు అర టీస్పూను, కారం రెండు టీస్పూన్లు, ధనియాల పొడి ఒక టేబుల్ స్పూను, దంచిన మిరియాలు ఒక టీస్పూను, అల్లం వెల్లుల్లి ముద్ద రెండు టేబుల్ స్పూన్లు, ఒక నిమ్మకాయ రసం, నూనె ఒక టేబుల్ స్పూను. పంది మాంసంలో కొవ్వు ఉంది కదా నూనె ఎందుకు అంటారు. కారం, ధనియాల పొడి పొడిగా ఉంటే ఫ్యాను గాలికి లేచి, పైన వేడి తీగకు తగిలి మాడి పొగ వస్తుంది. ఆ కాస్త నూనె వాటిని ముక్కకు అంటిపెట్టి ఉంచుతుంది. గరం మసాలా మీ ఇష్టం. నాకైతే మిరియాలు, వెల్లుల్లి గట్టిగా పడితే ఇంకేమీ అక్కర్లేదు.

గట్టి మాంసం అనిపిస్తే పచ్చి బొప్పాయి ముద్ద కిలోకు ఒకటిన్నర టేబుల్ స్పూన్లు కలిపి గంట ఉంచితే చాలు. రాత్రంతా ఉంచితే పైన పిండిలా అయిపోతుంది, లోపల మాత్రం అలాగే ఉంటుంది. పెరుగు వేయవచ్చు గానీ గట్టి పెరుగై ఉండాలి. నీళ్లు ఎక్కువైతే ముక్క వేగదు, ఆవిరికి ఉడుకుతుంది.

బెల్లం, తేనె, టమాటా సాస్ వంటి తీపి పదార్థాలను ముందు కలపకూడదు. ఆ అమ్మాయి చేసిన వంట పైన నల్లబడడానికి కారణం ఇదే. తీపి త్వరగా మాడుతుంది, ఆ రంగు చూసి ఉడికిందని మోసపోతాం. తీపి పులుపు కావాలంటే నిమ్మకాయంత చింతపండు గుజ్జు, రెండు టేబుల్ స్పూన్ల బెల్లం, చిటికెడు ఉప్పు, కారం కలిపి చిన్న మంట మీద తేనెలా చిక్కబడే దాకా కాచి పక్కన పెట్టుకోవాలి. అది చివరి నాలుగైదు నిమిషాల్లోనే పూయాలి.

పచ్చి మాంసం కోసిన పీట, కత్తి మీద ఉల్లిపాయలు, నిమ్మకాయలు కోయకూడదు. మసాలా పట్టించిన గిన్నెలో మిగిలిన రసాన్ని ఉడికిన ముక్కల మీద పోయకూడదు. పోయాలనిపిస్తే బాగా మరగబెట్టి పోయాలి.

ఎయిర్ ఫ్రైయర్ గురించి తెలియాల్సింది

పేరులో ఫ్రై ఉన్నా ఇది వేపదు. పైన ఒక వేడి తీగ, దాని మీద ఒక ఫ్యాను. వేడి గాలి ముక్కల చుట్టూ తిరిగి పైభాగాన్ని ఆరబెట్టి ఎర్రబరుస్తుంది. గాలి తిరగడానికి చోటు లేకపోతే ఇది పని చేయదు. నాలుగు లీటర్ల గిన్నెలో ఒకే వరసగా అర కిలో, మహా అయితే 600 గ్రాములు పడతాయి. కిలో ముక్కలైతే రెండు వాయిలు వండుకోవాలి. అడుగున ఉన్న జాలీ రంధ్రాలను ఫాయిల్‌తో పూర్తిగా మూయకూడదు.

ఇళ్లలో వాడేవి ఎక్కువగా 1200 నుంచి 1700 వాట్ల మధ్య ఉంటాయి. 16 ఆంపియర్ల సాకెట్‌కే పెట్టాలి. పాకలోకి లైటు కోసం లాగిన సన్న వైరుకు, పొడుగు ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెడితే వైరు వేడెక్కి కరుగుతుంది. ఇంట్లోని చిన్న ఇన్వర్టర్ దీన్ని మోయలేదు. ఖర్చుకు భయపడక్కర్లేదు: 1500 వాట్లది 40 నిమిషాలు ఆగకుండా తిరిగినా ఒక యూనిట్టే. మధ్యలో దానంతటదే ఆగుతూ వెలుగుతూ ఉంటుంది కాబట్టి ఇంకా తక్కువే అవుతుంది. వోల్టేజి తక్కువగా ఉండే ఊళ్లలో మాత్రం చెప్పిన సమయానికి ఉడకదు. అక్కడ గడియారాన్ని నమ్ముకోవద్దు.

కొవ్వు కారి కింద తట్టలో పడి పొగ వస్తుంటే తట్టలో రెండు మూడు చెంచాల నీళ్లు పోయండి, యంత్రంతో వచ్చిన పుస్తకంలో వద్దని లేకపోతే. ప్రతి వాయి తర్వాత ఆ కొవ్వు తీసేయాలి.

రెండు పద్ధతులు

మొదటిది, పూర్తిగా ఎయిర్ ఫ్రైయర్‌లోనే. ఇది లేత పంది, వెన్ను వైపు ముక్కలకు మాత్రమే. ముక్కలను ఫ్రిజ్‌లోంచి తీసి అరగంట బయట ఉంచాలి. గడ్డకట్టిన మాంసమైతే ముందు రాత్రే డీప్ ఫ్రిజ్ నుంచి కింది అరలోకి మార్చి పూర్తిగా కరగనివ్వాలి. వంటింటి గట్టు మీద పెట్టి కరిగిస్తే పైభాగం పాడవుతుంది, లోపల మంచు అలాగే ఉంటుంది. యంత్రాన్ని ఐదు నిమిషాలు ఖాళీగా వేడి చేసి, ముక్కలను ఒకే వరసగా, ఎముక వైపు కిందకు ఉండేలా పేర్చాలి. 150 డిగ్రీల మీద 35 నుంచి 40 నిమిషాలు. సగంలో తిప్పాలి. తర్వాత 200 డిగ్రీలకు పెంచి ఆరు నుంచి ఎనిమిది నిమిషాలు. చింతపండు బెల్లం పూత వేయాలంటే ఈ రెండో దశ సగంలో. మొదట తక్కువ వేడి ఎందుకంటే, ఎముక చుట్టూ ఉన్న నార కరగడానికి సమయం కావాలి. మొదటే 200 పెడితే పైన పెంకులా బిగుసుకుంటుంది.

రెండోది, కుక్కర్ తర్వాత ఎయిర్ ఫ్రైయర్. నా ఓటు దీనికే. మన కొట్లలో పంది వయసు మనకు తెలియదు, ఎక్కడ పెరిగిందో తెలియదు. కుక్కర్లో ఆవిరి ఒత్తిడికి వేడి నీరు మరిగే వేడిని మించి పోతుంది కాబట్టి ఎముక దాకా ఉడుకుతుంది, అనుమానానికి తావుండదు. మసాలా పట్టిన ముక్కలకు కిలోకు ఒక గ్లాసు నీళ్లు పోసి, ఒక కూత వచ్చాక మంట తగ్గించి లేత మాంసానికి ఎనిమిది, పది నిమిషాలు, ముదురుదైతే పదిహేను, ఇరవై నిమిషాలు ఉంచాలి. ఆవిరి దానంతటదే పోనివ్వాలి. కండ ఎముకను వదలకూడదు, గుచ్చితే దిగాలి, అంతవరకే. ముక్కలను తీసి పళ్లెంలో పది నిమిషాలు ఆరనివ్వాలి. తడి మీద పెడితే కరకరలాడవు. తర్వాత పైన కొంచెం కారం, మిరియాల పొడి, నూనె రాసి 200 డిగ్రీల మీద పది, పన్నెండు నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పి, చివర్లో పూత.

కుక్కర్లో మిగిలిన రసం పారబోయకండి. ఉప్పూ మసాలా అందులోనే దిగాయి. నాలుగు మిరియాలు, కొత్తిమీర వేసి కాస్తే మంచి చారు. ఫ్రిజ్‌లో పెడితే కొవ్వు పైకి తేలి గడ్డకడుతుంది, తీసి పోపుకు వాడుకోవచ్చు.

ఉడికిందో లేదో చూడటం

ఆ ఆదివారం తర్వాత నేనూ ఒక వంట థర్మామీటర్ కొన్నాను. కొన్ని వందల రూపాయలే. సూదిని రెండు ఎముకల మధ్య మందమైన కండలోకి దించాలి, ఎముకకు తగలకూడదు. తగిలితే తప్పు లెక్క చూపిస్తుంది. పంది మాంసపు నిండు ముక్కకు లోపల 63 డిగ్రీలు వచ్చి, దించాక మూడు నిమిషాలు ఆగితే తినడానికి సురక్షితమని ప్రమాణం. కానీ 63 దగ్గర పక్కటెముక రబ్బరులా సాగుతుంది. నార కరిగి మెత్తబడాలంటే 85 నుంచి 95 డిగ్రీలు రావాలి. మెత్తగా అయ్యే దాకా వండితే భయం కూడా అక్కడే తీరిపోతుంది. ఒక ముక్కను చూసి ఊరుకోకుండా, గిన్నె మధ్యలోది, అన్నింటికంటే మందమైనది కూడా చూడాలి.

థర్మామీటర్ లేకపోతే మూడు గుర్తులు: ఎముక చివరల నుంచి మాంసం వేలి మందం వెనక్కి తగ్గి ఉండాలి, ఫోర్కు గుచ్చితే అడ్డు లేకుండా దిగి కారే రసం తేటగా ఉండాలి, ఎముకను పట్టి తిప్పితే కదలాలి. మూడూ ఉంటేనే దించాలి. రంగును గుర్తుగా పెట్టుకోవద్దు. పైరంగు మసాలాది. లోపల కూడా లేత పందిలో ఎముక మజ్జ వల్ల పూర్తిగా ఉడికినా కాస్త గులాబీ రంగు మిగలవచ్చు. అలాంటప్పుడు అనుమానం ఉంటే ఇంకో ఐదు నిమిషాలు పెట్టండి, పోయేదేమీ లేదు.

మసాలా పట్టించి అమ్మాలనుకునే వారికి

నగరాల్లో ఉద్యోగాలు చేసే పిల్లలకు వంట సామాను ఉంది, మసాలా నూరే ఓపిక లేదు. పొర తీసి, మసాలా పట్టించి, అర కిలో పొట్లాలుగా ఇస్తే కొంటారు. ఆ కుటుంబం ఇప్పుడు పండగలకు ఆర్డర్ల మీద ఇదే చేస్తోంది. మొదటిసారి మాత్రం వాళ్లు పొట్లాలను మామూలు సంచిలో బస్సులో పంపితే చేరేసరికి వాసన వచ్చింది, డబ్బు వెనక్కి ఇవ్వాల్సి వచ్చింది.

మాంసం ఎప్పుడూ 4 డిగ్రీల లోపు చల్లదనంలో ఉండాలి. మన ఎండల్లో గంటకు మించి బయట ఉండకూడదు. ఐస్ వేసిన థర్మాకోల్ పెట్టెలోనే పంపాలి. మసాలా పట్టించిన పచ్చి ముక్కలు ఫ్రిజ్‌లో రెండు రోజులు, అంతే. డీప్ ఫ్రిజ్‌లో ఎక్కువ కాలం ఆగుతాయి గానీ, ఉప్పు తగిలిన పంది కొవ్వు త్వరగా చిక్కు వాసన కొడుతుంది కాబట్టి నెలా రెండు నెలల్లో వాడేయాలి. పొట్లం మీద కోసిన తేదీ, మసాలా పట్టించిన తేదీ, ‘ఎముక దాకా ఉడికించి తినాలి’ అన్న మాట రాయాలి. ఇంటి నుంచి అమ్మినా ఆహార భద్రతా సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మాంసంతో రకరకాల ఉత్పత్తుల తయారీ నేర్చుకోవాలంటే హైదరాబాద్ శివారు చెంగిచర్లలో జాతీయ మాంస పరిశోధన సంస్థ ఉంది.

మిగిలిన ముక్కలు, ఎముకలు

వండినవి రెండు గంటల్లోపు, ఎండాకాలంలో గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టి మూడు రోజుల్లో తినేయాలి. తిరిగి వేడి చేయడానికి 180 డిగ్రీల మీద ఆరేడు నిమిషాలు, లోపల పొగలు వచ్చే దాకా.

తిన్నాక మిగిలిన ఎముకల గురించి పెంపకందారులకు గట్టిగా చెప్పాల్సి ఉంది. పళ్లెంలో ఎముకలు, కోసేటప్పుడు వచ్చిన పొర, తోలు ముక్కలు, మాంసం కడిగిన నీళ్లు తీసుకెళ్లి పందుల తొట్టిలో పోయడం చాలా ఇళ్లలో అలవాటు. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వైరస్ ఈ దారిలోనే పాకలోకి వస్తుంది. 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో ఇది మన దేశంలో మొదటిసారి బయటపడింది, తర్వాత చాలా రాష్ట్రాలకు పాకింది. మనుషులకు సోకదు, ఆ మాంసం తిన్నవాళ్లకు ఏమీ కాదు. కానీ పచ్చి మాంసంలో, గడ్డకట్టించిన మాంసంలో కూడా ఆ వైరస్ నెలల తరబడి బతుకుతుంది. పాకలోకి వస్తే సోకిన పందుల్లో దాదాపు అన్నీ పోతాయి. మన రైతులకు అందుబాటులో టీకా లేదు, మందు లేదు.

కొట్టులో కొన్న మాంసం ఏ పాక నుంచి వచ్చిందో మనకు తెలియదు. కాబట్టి పచ్చి తుంటలు, కడిగిన నీళ్లు ఏవీ పందులకు చేరకూడదు. హోటల్ మిగుళ్లు వేసేవాళ్లు వాటిని కనీసం అరగంట తెరలు తెరలుగా మరగబెట్టి చల్లార్చి వేయాలి. అందులో పంది మాంసం ఉందని తెలిస్తే అసలు వేయొద్దు. వంట చేసిన వాళ్లు చేతులు కడుక్కుని, చెప్పులు మార్చుకుని పాకలోకి వెళ్లాలి. ఎముకలను కుక్కలు తవ్వని లోతులో, సున్నం చల్లి, పాకకు దూరంగా పాతిపెట్టండి. పందులు మేత మానేసి, జ్వరంతో చెవులు, పొట్ట కింద ఎర్రబడి, ఒకదాని వెంట ఒకటి పడిపోతుంటే వాటిని కోయొద్దు, అమ్మొద్దు, వెంటనే పశువైద్యాధికారికి కబురు పంపండి.